ఖాళీ అని చెప్పిన ఏడాది

1987 ఆగస్టు 2, ఆదివారం. మధ్యాహ్నం భోజనంలోకి కందిపచ్చడి, పచ్చిపులుసు, గుమ్మడి వడియాలు. త్రిమూర్తులుకి ఆ రోజు అలాగే గుర్తుంది. కాకినాడలో రెండు గదుల అద్దె వాటా, పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు, బయట జల్లు పడుతోంది. వడ్డించిన సత్యవేణి తను మాత్రం కంచం పెట్టుకోలేదు. ఉపవాసం అంది.

"ఆదివారం ఉపవాసమేంటి? ఎవరికి?" అన్నాడు.

"సూర్యుడికి. మీరు తినండి."

ఈ వానలో సూర్యుడెక్కడున్నాడని నవ్వాడు గాని, నమ్మాడు. ఆ తర్వాత ఎప్పుడు భార్య మాట వచ్చినా, కొత్త కాపురంలో కూడా పిచ్చిది కడుపు మాడ్చుకునేదని పదిమందికీ చెప్పుకున్నాడు.

అది పచ్చి అబద్ధమని ఆయనకు డెబ్భై రెండో ఏట తెలిసింది. సత్యవేణి చెప్పలేదు. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆమె కళ్ళతో ఆయనే చూశాడు.

ఆ కళ్ళు వంటింటి కిటికీలోంచి పక్కవాటా నాగరత్నం చేసిన సైగ చూశాయి. ఆ కాళ్ళు చప్పుడు కాకుండా మెట్లు దిగాయి. వీధి చివర బండి దగ్గర, ఒకే గొడుగు కింద, ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఒకటీ రెండూ కాదు, సత్యవేణి ఒక్కతే ఆరు తింది. నాలుక మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆయనకి చెప్పేవు! బయట తిండి అంటే చాలు, పొద్దుగూకేదాకా పాఠం చెప్తారు" అన్న మాట ఆయన చెవిలో కాదు, ఆయన గొంతులోనే పలికింది.

ప్రయోగశాల కుర్చీలో ఉన్న త్రిమూర్తులు పకాలున నవ్వాడు.

"ఏమైంది సార్?" అంటూ నఫీసా తెర ముందు నుంచి లేచి వచ్చింది.

"దొంగమొహంది! బజ్జీలు తిందమ్మా. ఆరు బజ్జీలు తినొచ్చి, ఆకలి లేక నాకు ఉపవాసమని చెప్పింది!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మంట ఇంకా నాలుక మీద ఉన్నట్టే ఉంది. మంచినీళ్ళు అడిగి తాగాడు.

*

త్రిమూర్తులు ముప్పై మూడేళ్ళపాటు ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేశాడు. ఏటా కొత్తగా వచ్చిన పిల్లలకు ఆయన నేర్పే పాఠాల్లో డిస్క్ ఇమేజ్ ఒకటి. ఒక కంప్యూటర్‌లోని డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా ముద్ద చేసి దాచుకోవచ్చు. ఆ ముద్దను ఊరికే తెరిస్తే ఏమీ బోధపడదు. మరో కంప్యూటర్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి దానిమీదికి ఎక్కిస్తే మాత్రం, లోపలున్న ఉత్తరాలూ బొమ్మలూ అన్నీ ఆ కంప్యూటర్ సొంత ఫైళ్ళలాగే కనిపిస్తాయి. పని అయ్యాక దించేస్తే ఫోల్డర్ మళ్ళీ ఎప్పట్లా ఖాళీ.

"ఖాళీగా లేని ఫోల్డర్ మీద ఎక్కిస్తే ఏమవుతుంది సార్?" అని ఏటా ఒకరైనా అడిగేవారు.

"అందులో ముందున్నవి కనబడవు. ఎక్కడికీ పోవు, కిందే ఉంటాయి. కాని అవి ఉన్నాయన్న సంగతే నువ్వు మర్చిపోతావు. లేవనుకుని పని చేసుకుపోతావు. అక్కణ్ణించి మొదలు నీ తిప్పలు."

అందుకని ఆయన క్లాసులో ఒక ఆచారం పెట్టాడు. ఎక్కించేముందు ఫోల్డర్ తెరిచి కళ్ళతో చూసి, గదంతా వినబడేలా "ఖాళీ!" అని అరవాలి. అరవందే కీ నొక్కనిచ్చేవాడు కాదు. లోపల బస్సు కండక్టర్లకు శిక్షణ ఇస్తున్నారని వరండాలో పోయేవాళ్ళు వేళాకోళం చేసేవారు.

అలా అరిచిన పిల్లల్లో నఫీసా ఒకతె. కంప్యూటర్లు చదివి, అక్కడ ఆగక మెదడు మీదికి చదువు మళ్ళించి, ఇప్పుడు బీచ్ రోడ్డులో ఒక ప్రయోగశాల నడుపుతోంది. సత్యవేణి తలలో గడ్డ ఉందని తేలి మొదటి ఆపరేషన్ చేయబోయేముందు, ఏ భాగం ఏ పని చేస్తోందో చూసుకోవడానికి డాక్టర్లు రెండు రోజులు పరీక్షలు చేశారు. అప్పుడే, సత్యవేణి సంతకం తీసుకుని, ఆమె జ్ఞాపకాల్లో చిన్న భాగాన్ని నఫీసా ముద్ద తీసింది.

"తీసుకోమ్మా తీసుకో. అందులో చుట్టాల మీద చాడీలు తప్ప ఏవుండవు" అంది సత్యవేణి, గుండు చేసిన తల మీద కొంగు సర్దుకుంటూ.

ఆ ముద్దను కంప్యూటర్ మీదికి ఎక్కిస్తే పదకొండు ఫోల్డర్లు కనిపించాయి. ఒక్కొక్కటి ఒక్కో రోజు. తెరిచి చూస్తే గీతలు, చుక్కలు. ఒక మెదడు రాసుకున్నది మరో మెదడే చదవగలదు. ఆ ముద్దకు ఆతిథ్యం ఇచ్చే మనిషి కావాలి. ఆ మనిషి ఆమెను బాగా ఎరిగినవాడైతే మంచిది. సంవత్సరీకం అయిన వారానికి నఫీసా స్వయంగా ఇంటికి వచ్చి త్రిమూర్తుల్ని అడిగింది.

"రెండు చిక్కులున్నాయి సార్. ముందే చెప్తన్నాను. ఇది పల్చటి ముద్ర. మనిషిలోకి ఒకసారి ఎక్కించి దించితే ఇక మిగలదు. ఇంకోటి, పన్నెండు రోజుల్లోగా దించకపోతే కింద పడ్డవి మళ్ళీ పైకి తేలవు. అవి పోయినట్టే."

"అయితే పన్నెండు రోజులు చూసి వదిలెయ్యాలి. లేదా..."

"లేదా ఉంచేసుకోవచ్చు. కిందది వదులుకుంటే, ఆంటీవి పదకొండు రోజులూ మీవే."

"ఎక్కడ ఎక్కిస్తావు మరి?"

"అదే అడగాలి మిమ్మల్ని. మనిషిలో ఖాళీ చోటంటూ ఉండదు. ఏదో ఒక కాలాన్ని కప్పాలి. మీకు అక్కర్లేని కాలం ఏదైనా ఉందా సార్?"

త్రిమూర్తులు ఎంతోసేపు ఆలోచించలేదు. సత్యవేణి కర్మలు ముగిసిన మర్నాటి నుంచి సంవత్సరీకం దాకా. ఆ ఏడాదిలో ఏముంది గనక? లేచాడు, పడుకున్నాడు. ఇంట్లో రెండో మనిషి అలికిడి కోసం చెవులు రిక్కించి, ఫ్రిజ్ చప్పుడుకు మోసపోయాడు. ఆ ఏడాది మీద ఏం కప్పినా లాభమే.

కూతురు హిమజతో ఒక్క మాట అనుకోవాల్సింది. ఆమె వ్యవసాయ శాఖలో పనిచేస్తుంది, ఉండేది రాజమండ్రిలో. ఆ నెల శిక్షణ కోసం బాపట్లలో ఉంది. రోజూ ఫోన్ చేసేది. చెబితే వద్దంటుందని ఆయన ఆ సంగతి ఎత్తలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి తలకు తీగలు అమర్చాక, నఫీసా చెయ్యి కీ మీద ఆగింది. "సరిగ్గా చూసుకున్నారా సార్?"

"ఖాళీ!" అన్నాడాయన, గదంతా వినబడేలా.

ఇద్దరూ నవ్వుకున్నారు.

*

మొదటి మూడు రోజులు త్రిమూర్తులు ఇంట్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి నవ్వుకునేవాడు. ఏదైనా గుర్తు చేసుకున్నట్టే ఉండేది, అంతకంటే శ్రమ లేదు. వెనక్కి తిరిగి చూస్తే తన గతం పక్కనే ఆమె పదకొండు రోజులు, అలమారలో మరో అరలాగా.

ఒక సంగతి ఆయన ముందుగా ఊహించలేదు. ఆమెను చూడవచ్చని ఆశపడి ఎక్కించుకున్నాడు. ఆమె జ్ఞాపకాల్లో ఆమె లేదు. గాజుల చేతులు కనిపించేవి, తడిసిన చీర కుచ్చెళ్ళు కనిపించేవి, ఎప్పుడైనా స్టీలు కంచం మీద సాగిపోయిన ఒక నీడ. మిగిలినదంతా ఆమె చూసిన లోకమే. ఆ లోకంలో మాటిమాటికీ త్రిమూర్తులే ఎదురయ్యేవాడు. ఎండు కొబ్బరిపీచు లాంటి జుట్టుతో, బొత్తాలు తప్పు పెట్టుకున్న చొక్కాతో ఒక కుర్రాడు. తను అంత బక్కగా ఉండేవాడని ఆయనకే తెలియదు.

ఒక రోజులో ఆ కుర్రాడు నేలమీద ట్రాన్సిస్టర్ విప్పి పరుచుకుని కూర్చున్నాడు. స్క్రూ నోట కరుచుకుని, రాగం కాని రాగం ఏదో తీస్తున్నాడు. చేతిలో కాఫీ గ్లాసుతో ఆ కళ్ళు గుమ్మం దగ్గర ఆగాయి. పిలవలేదు. పిలిస్తే ఆ పాట ఆగిపోతుంది. కాఫీ తొరకగట్టేదాకా అక్కడే నిలబడి, చల్లారిన గ్లాసు తీసుకుని వెనక్కి వెళ్ళి, మళ్ళీ వేడి చేసింది. ఆ సాయంత్రం కాఫీ ఆలస్యమైందని తను విసుక్కున్న సంగతి త్రిమూర్తులుకి గుర్తుంది. ఎందుకు ఆలస్యమైందో నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది.

ప్రయోగశాలకు వెళ్ళి ఇవన్నీ చెబుతుంటే నఫీసా రాసుకునేది. రాస్తూ రాస్తూ ఒక్కోసారి కలం ఆపేసేది.

"మీరు అదృష్టవంతులు సార్" అంది ఒకసారి. "మనల్ని ఎదుటివాళ్ళు ఎలా చూశారో ఎవరికీ తెలీదు."

*

నాలుగో రోజు సాయంత్రం వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. త్రిమూర్తులు పేపరు దించి చూశాడు. ఒక చేత్తో బ్యాగు, మరో చేత్తో కారియర్ పట్టుకుని హిమజ లోపలికి వచ్చింది. శిక్షణ చివరి రోజుల హడావుడిలో మూడు రోజులుగా ఆమె ఫోన్ చెయ్యలేదు.

"అమ్మయ్య! ఆ బాపట్ల ఎండకి వడియాల్లా అయిపోయాం నాన్నా. కొంచెం మంచినీళ్ళు ఇయ్యి. ఇదిగో, వంకాయ కారం పెట్టుకొచ్చాను" అంటూ చనువుగా వంటింట్లోకి నడిచింది.

త్రిమూర్తులు పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు.

ఆయనకు గుర్తున్నది ఇదీ. మొదటి ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు గడ్డ మళ్ళీ పెరిగింది. రెండో ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టర్లు. ఆయన సరే అన్నాడు. ఆయన మాట వినకుండా హిమజ కాగితాల మీద సంతకం పెట్టి ఆమెను ఇంటికి తీసుకొచ్చేసింది. అయిదు వారాలకు సత్యవేణి పోయింది. పదకొండో రోజున, చుట్టాలందరి మధ్యా, ఆయన కూతురి వైపు వేలు చూపించి, "దీన్ని నా కళ్ళ ముందు నుంచి పంపించెయ్యండి. వాళ్ళమ్మని ఇంటికి తెచ్చి చంపుకుంది" అన్నాడు. హిమజ ఒక్క మాట అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏడాది ఉండాల్సిన చోట సత్యవేణి పదకొండు రోజులు ఉన్నాయి. వెళ్ళిపోయిన మనిషి ఇప్పుడు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

"తాళం ఎవరిచ్చారు నీకు?" అన్నాడు.

హిమజ వెనక్కి తిరిగింది. "ఏంటి?"

"మా ఇంటి తాళం. ఎవరిచ్చారు?"

"నువ్వే ఇచ్చావు. వేళాకోళమా నాన్నా?"

"వేళాకోళాలాడే చుట్టరికం మనకి లేదు. అక్కడ పెట్టేసి వెళ్ళు."

ఆ గొంతు హిమజ ఎరుగును. ఏడాది కిందట ఒకసారి విన్నదే. ఆమె చేతిలోని గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టింది. బల్ల మీదున్న ప్రయోగశాల కాగితాలు అప్పుడు ఆమె కంటబడ్డాయి. నిలబడే చదివింది. ఒక పేజీ దగ్గర ఆగి, రెండోసారి చదివింది. ఏ కాలాన్ని కప్పారో అక్కడ తారీకులతో సహా రాసి ఉంది.

చదివాక కుర్చీలో కూలబడింది. "ఏం పని చేశావు నాన్నా?" అంది.

"అందులో ఏముందని? నువ్వు చెప్పు, ఏముంది?"

హిమజ తల అడ్డంగా ఊపింది.

"చెప్పను. నేను చెప్తే, అమ్మని వదిలేసి నన్నెంచుకో అని అడిగినట్టుంటాది. ఆ మాట నా నోటితో అడగను." లేచి, తాళంచెవి బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "వంకాయ కారం రేపటిదాకా ఉండదు. ఇవాళే తినేయి" అని వెళ్ళిపోయింది.

*

మర్నాడు నఫీసా ఫోన్ చేసింది. హిమజ రాత్రే ఆమెను కలిసిందట.

"తప్పు నాది సార్. అందులో ఏముందో మీ అమ్మాయినీ అడగాల్సింది. మిమ్మల్ని ఒక్కరినే అడిగాను."

"ఆ అమ్మాయి ఏమంది?"

"మిమ్మల్ని తొందరపెట్టొద్దంది. అంతే."

త్రిమూర్తులు ఫోన్ పెట్టేసి గదిలో అటూ ఇటూ తిరిగాడు. హిమజ మీద కోపం తాజాగా, నిన్ననే జరిగినంత తాజాగా ఉంది. ఆ కోపాన్ని మెత్తబరిచింది ఏదైనా ఉంటే అది కింద ఉంది. అయితే ఆ కోపానికి అతకని విషయం ఒకటి ఆయన్ని వేధించింది. సంవత్సరీకం తర్వాత ఫోన్‌లో మాట్లాడిన మాటలు మూతపడలేదు. "తిన్నావా తల్లీ", "ఎండలో తిరక్కు" అని తనే అన్నాడు. అన్న మాటలు గుర్తున్నాయి, అంత ప్రేమగా ఎందుకన్నాడో గుర్తులేదు. కారణం కింద దాగి, దాని కొమ్మ మాత్రం పైన మిగిలిపోయినట్టు ఉంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు, రాత్రికి రాత్రి ఎవరో కంప్యూటర్‌లోకి వచ్చి పనిచేసి వెళ్ళారని అనుమానం వస్తే, ఆయన మనుషుల్ని అడిగేవాడు కాదు. గుర్తులు వెతికేవాడు. ఇప్పుడు ఇంట్లో అదే పని మొదలుపెట్టాడు.

స్నానాలగదిలో గోడకు స్టీలు కడ్డీ బిగించి ఉంది. పట్టుకుని చూస్తే సరిగ్గా తన చెయ్యి ఆనే ఎత్తులో ఉంది. మామూలుగా పెట్టేదానికంటే జానెడు కింద. ఎవరో తనను నిలబెట్టి కొలిచారు. మందుల డబ్బా మీద పొద్దున్నవి, రాత్రివి అని తెల్లకాగితాలు అంటించి ఉన్నాయి. అక్షరాలు హిమజవి. మెట్ల అంచులకు పసుపు రంగు గీత. చూపు మందగించిన మనిషికి మెట్టు తెలియడానికి గీసినది. పెరట్లో కుండీల్లో సత్యవేణి కనకాంబరాలు ఎండిపోలేదు. తను ఏనాడూ వాటికి చెంబుడు నీళ్ళు పోసి ఎరుగడు.

అయినా మనసు ఒప్పుకోలేదు. పశ్చాత్తాపంతో చేసిందేమో అనుకున్నాడు. తప్పు చేసినవాళ్ళే ఇలా చాకిరీ చేస్తారేమో.

పదకొండో రోజున రక్తపోటు పుస్తకం దొరికింది. బీపీ మిషను కింద పెట్టి మర్చిపోయిన పాత డైరీ. ఆ ఏడాది రోజూ సాయంత్రం చూసి అంకెలు రాసుకున్నట్టున్నాడు. రాత తనదే. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. అంకెలు, అంకెలు, మళ్ళీ అంకెలు. వాటి మధ్య ప్రతి శనివారం పక్కన నాలుగు మాటలు.

"హిమ వచ్చింది. తలుపు తియ్యలేదు."

తర్వాతి శనివారం: "హిమ వచ్చింది. తలుపు తియ్యలేదు."

మూడో శనివారమూ అదే. నాలుగో శనివారం:

"హిమ వచ్చింది. తలుపు తీశాను."

ఆ తర్వాత ఏడాది పొడుగునా, ఒక్క శనివారం తప్పకుండా, "హిమ వచ్చింది". ఒక్కచోట కూడా ఇంకేమీ లేదు. త్రిమూర్తులు ఎక్కువ రాసే మనిషి కాదు. కాని అంకెలు ఉన్నాయి. ఆయన వేలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. శుక్రవారం నూట యాభై ఎనిమిది. శనివారం, పక్కనే ఆ రెండు మాటలతో, నూట నలభై. ఆదివారం నూట ముప్పై ఆరు. మళ్ళీ బుధవారానికి మెల్లగా పెరుగుతోంది. వారం తర్వాత వారం, పేజీ తర్వాత పేజీ, అలలాగా అదే వరస.

కోపాన్ని ఆయన నమ్మగలడు. పశ్చాత్తాపమేమో అన్న అనుమానాన్నీ నమ్మగలడు. తన గుండె, తన చేత్తో రాసి పెట్టిన సాక్ష్యాన్ని ఏం చేస్తాడు?

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కూతుర్ని ఎందుకు క్షమించాడో, తను ఆమెను క్షమించాడో ఆమే తనను క్షమించిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే నిర్ణయించుకోవాలి. ఒక పక్కన కళ్ళు మూసుకుంటే చాలు కనిపించే సత్యవేణి పదకొండు రోజులు. మరో పక్కన మూత పెట్టిన గది, అందులో ఏముందో చెప్పని అమ్మాయి.

ఫోన్ తీసి నఫీసాకు చెప్పాడు. "రేపు దించేద్దామమ్మా."

రెండేళ్ళుగా నఫీసా దాచిన ముద్ద అది. దించాక ఆమెకూ ఇంకేమీ మిగలదు.

"సరే సార్" అంది ఆమె. "ఏ టైముకైనా రండి."

తర్వాత హిమజకు చేశాడు. "రేపు ప్రయోగశాలకి రాగలవా?"

"ఎందుకు?"

"దించాక ఇంటికి ఒక్కణ్ణే రాగలనో లేదో తెలీదు."

"నీకు గుర్తొచ్చిందా?" అంది హిమజ.

"లేదు. ఏం గుర్తులేదు. కోపంగానే ఉంది నీ మీద." ఒక్క క్షణం ఆగి, "అయినా రా" అన్నాడు.

*

హిమజ ఆయనకంటే ముందే వచ్చి వరండాలో కూర్చుని ఉంది. నఫీసా తీగలు అమర్చి, "చివరిసారి ఏదైనా చూసుకుంటారా?" అని అడిగింది.

త్రిమూర్తులు తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. ఒక రోజును ఆయన అన్నాళ్ళూ సగంలోనే ఆపేసి దాచుకున్నాడు. ఏదో పెళ్ళికి ప్రయాణమవుతున్న పొద్దు. ఆమె గబగబా జడ వేసుకుంది. వాకిట్లోంచి ఆయన కేకలు, రైలు తప్పిపోతుందని. ఆమె అలమార తలుపు తీసింది. తలుపు లోపల అద్దం ఉంది.

ఒక్కసారిగా సత్యవేణి ఎదురుగా నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెవి పక్కన ముంగురులు చెమటకు అంటుకున్నాయి. బొట్టు పెట్టుకుంటూ కొంచెం పక్కకు పోయిందని చిరాకుపడింది. వాకిట్లో కేక మళ్ళీ వినబడింది. ఆమె అద్దంలో తనను తాను చూసుకుని, ఆ కేకకు జవాబుగా నాలుక బయటపెట్టి వెక్కిరించింది. తర్వాత ముఖం సరిచేసుకుని, ఎంతో వినయంగా, "వస్తన్నానండీ" అంది.

అద్దం తలుపు మూసుకుంది.

"దించెయ్యమ్మా" అన్నాడు త్రిమూర్తులు.

నొప్పి లేదు. ఒక గదిలో ఎవరో ఉన్నారని అలవాటుపడిన చెవికి, ఎవరూ లేరని తెలిసినట్టు అనిపించింది. అంతే. నవ్వాడన్నది గుర్తుంది. ఇదే కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నదీ గుర్తుంది. దేనికో తెలియలేదు. నఫీసా పుస్తకంలో ఏవో రాసుకుంది గాని, అవి చదివితే మరొకరి కథలా ఉంటాయని ఆయనకు తెలుసు. ఆమె ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉంచమ్మా" అన్నాడు.

కింద ఉన్న ఏడాది ఒక్కసారిగా రాలేదు. ఆటోలో కూతురి పక్కన కూర్చుని వస్తుంటే, జగన్నాథపురం వంతెన మీద గాలి తగిలేసరికి మెల్లమెల్లగా ఒక్కొక్కటే పైకి తేలింది. ముందుగా కష్టమైనవే వచ్చాయి. తలుపు అవతల హిమజ నిలబడి ఉండటం, ఇవతల తను ఊపిరి బిగబట్టి కూర్చోవడం. ఒక శనివారం, రెండో శనివారం, మూడో శనివారం. నాలుగోసారి ఆమె తలుపు తట్టలేదు. మెట్టు మీద చతికిలబడి, కారియర్ విప్పి, తనే తినడం మొదలుపెట్టింది. నములుతూ, తలుపు వైపు తిరిగి, "మాగాయ ఎంత బాగా కుదిరిందో! నీకు లేదు ఫో" అంది. సత్యవేణి బతికున్నప్పుడు ఆయన మీద అలిగితే సరిగ్గా అలాగే అనేది. ఆయన తలుపు తీశాడు.

ఆ పూట మెట్టు మీదే కూర్చుని హిమజ చెప్పింది. రెండో ఆపరేషన్ వద్దన్నది అమ్మే. నాన్నకు నేను చెప్పలేనే, ఆయన ముఖం చూస్తే నాకు ధైర్యం చాలదు, నువ్వే చేసి ఆ నింద కూడా నువ్వే మొయ్యి అని తల్లి చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆయన నమ్మడానికి మూడు నెలలు పట్టింది. దీపావళి ముందురోజు కూతురి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు.

ఆటోలోనే ఆయన చెయ్యి వెతుక్కుంటూ పోయి హిమజ చెయ్యి పట్టుకుంది. ఆమె ఉలిక్కిపడి చూసింది.

"వచ్చేసిందా?"

"వస్తోంది. ఇంకా వస్తోంది." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పుంటే నాలుగో రోజే దింపించేవాణ్ణి కదమ్మా."

"తెలుసు. అందుకే చెప్పలేదు." హిమజ బయటికి చూస్తూ అంది. "ఇంకో ఎనిమిది రోజులు అమ్మతో ఉన్నావు కదా. ఉండనీ అనుకున్నాను."

త్రిమూర్తులు ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె ఆ ఎనిమిది రోజులూ ఎలా గడిపి ఉంటుందో అనుకున్నాడు. తను ఆ ఏడాదిని ఖాళీ అనుకున్నాడు. ఏడుపు తప్ప ఏమీ లేదని గట్టిగా అరిచి మరీ చెప్పాడు. అన్ని శనివారాలు ఉన్నాయని ఎందుకు కనిపించలేదో. నిజానికి అప్పుడు చూశాడు. కాని పోయిన మనిషి కోసం చూస్తున్న కళ్ళకు వచ్చిన మనిషి ఆనలేదు.

*

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. హిమజ చారు పెట్టి, అప్పడాలు కాల్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

"క్షమించమ్మా" అన్నాడు త్రిమూర్తులు, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి.

"ఒకసారి అడిగేశావు కదా, దీపావళికి."

"మళ్ళీ అడుగుతున్నాను."

"సరే, క్షమించాను. ఇక ఏడాదికోసారి ఈ కంప్యూటర్ పనులు పెట్టుకోకు. నాకు సెలవులు లేవు." ఆమె నవ్వింది. తర్వాత కంచం వైపు చూస్తూ అడిగింది. "అమ్మ బావుందా?"

ఆయన వెతికాడు. లోపల ఆ చోట ఇప్పుడు ఈ ఏడాది సర్దుకుని కూర్చుంది. ఎంత తడిమినా ఒక్క ముక్క దొరకలేదు.

"ఏం చూశానో తెలీదమ్మా. కాని మీ అమ్మ దగ్గర్నించి వచ్చిన ప్రతిసారీ కడుపు నిండా నవ్వుకుంటూ వచ్చాను. అది గుర్తుంది."

హిమజ తల ఊపి, మరో గరిటె చారు పోసింది.

పడుకునేముందు ఆయన మందులు వేసుకున్నాడు. డబ్బా మీద రాత్రివి అన్న కాగితానికి ఒక్క క్షణం వేలు ఆనించాడు. మంచం మీద వాలాక కళ్ళు మూతలు పడుతున్నాయి గాని నిద్ర పట్టలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు, కుళాయి కట్టేసిన చప్పుడు, పెరటి గడియ వేసిన చప్పుడు. ఇంట్లో రెండో మనిషి అలికిడి. ఆయన దాన్ని ఒక్కటీ వదలకుండా విన్నాడు.

అడుగులు గది దాకా వచ్చి ఆగాయి. ఆయన కదలలేదు. నిద్రపోతున్నాడనుకుని హిమజ లోపలికి వచ్చి, జారిన దుప్పటి కాళ్ళ మీదికి లాగి, దీపం ఆర్పింది. తర్వాత గడియ చప్పుడు కాకుండా వేలితో ఆపిపట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.